తూలుడు వెనకాల వణుకు

హైదరాబాదు పక్కనున్న ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఒక టీ హోటల్. పొద్దున ఆరున్నర. గల్లాపెట్టెకు ఆనించిన ఫోన్లో పాత స్కిట్ నడుస్తోంది. లుంగీ ఎగ్గట్టి, తలకు తువ్వాలు చుట్టి, నడుముకు క్వార్టర్ సీసా దోపుకున్న మనిషి తూలుతూ స్టేజీ మీదికి వస్తాడు. తన ఇల్లనుకుని పక్కింటి తలుపు కొడతాడు. జడ్జీలు పగలబడి నవ్వుతారు. టీ పోసే కుర్రాడూ నవ్వుతాడు.

బెంచీ చివర కూర్చున్న యాభై ఏళ్ల మనిషి మాత్రం తల ఎత్తలేదు. టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఒక్క చేత్తో పట్టుకుంటే ఒలికిపోతుంది. గ్లాసును నోటి దగ్గరికి తేలేక, నోటినే గ్లాసు మీదికి వంచుతున్నాడు. వైన్స్ షట్టరు లేవడానికి ఇంకా చాలా టైముంది. అతను తూలడం లేదు. వణుకుతున్నాడు.

ఫోన్లో మనిషినీ, బెంచీ మీద మనిషినీ మనం ఒకే మాటతో పిలుస్తాం, తాగుబోతు అని. నిజానికి వీళ్లిద్దరిదీ ఒకే స్థితి కాదు. మొదటివాడిది మత్తు. రెండోవాడిది వ్యసనం. తెలుగు టీవీ కామెడీ ఏళ్లుగా మొదటివాడినే చూపిస్తోంది. రెండోవాడు తెర మీద దాదాపు కనిపించడు. అతను కోలుకునే దారి అసలే కనిపించదు. ఎందుకిలా జరిగిందో అర్థం కావాలంటే ముందు వ్యసనం ఒంట్లో ఏం చేస్తుందో చూడాలి.

మద్యం మెదడుకు బ్రేకులా పనిచేస్తుంది. ఆలోచన నెమ్మదిస్తుంది, భయం తగ్గుతుంది, కాళ్లు అదుపు తప్పుతాయి. అప్పుడప్పుడు తాగేవాడు తూలేది ఇందుకే. రోజూ తాగేవాడి సంగతి వేరు. బ్రేకు రోజూ పడుతుంటే మెదడు ఊరుకోదు. బండి ఆగిపోకుండా యాక్సిలరేటర్‌ను గట్టిగా తొక్కడం నేర్చుకుంటుంది. అప్పుడు అదే క్వార్టర్‌కు అంత మత్తు ఎక్కదు. దీన్ని టాలరెన్స్ (అదే మత్తు కోసం రోజురోజుకూ ఎక్కువ తాగాల్సి రావడం) అంటారు. అందుకే బాగా ముదిరిన తాగుడున్న మనిషి చాలాసార్లు మామూలుగానే నడుస్తాడు, మామూలుగానే మాట్లాడతాడు. పక్కవాళ్లకు అనుమానం కూడా రాదు. స్కిట్‌లో తూలేవాడు, వైద్యుడి కళ్లతో చూస్తే, కొత్తగా తాగినవాడు.

అసలు కష్టం మద్యం ఆగినప్పుడు మొదలవుతుంది. బ్రేకు ఒక్కసారిగా లేచిపోతుంది, తొక్కి పెట్టిన యాక్సిలరేటర్ మాత్రం అలాగే ఉంటుంది. ఇదే విత్‌డ్రాయల్ (అలవాటైన మత్తు ఆగినప్పుడు శరీరం తిరగబడటం). ఆఖరి గుటక తర్వాత సుమారు 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ, నిద్రపట్టకపోవడం కనిపిస్తాయి. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్ వస్తాయి. రెండు మూడు రోజులయ్యాక కొద్దిమందిలో డెలీరియం ట్రెమెన్స్ (వణుకు, జ్వరం, లేనివి కనిపించే మతిభ్రమ కలిసి వచ్చే స్థితి) మొదలవుతుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. టీ హోటల్ బెంచీ మీద మనిషి షట్టరు వైపు చూసేది సరదా కోసం కాదు. చేతులు నిలబడటానికి.

ఈ విషయం ఇంత కాలం తెలియనట్టు మన హాస్యం సాగింది. కానీ తాగినవాణ్ణి చూసి నవ్వుకోవడం టీవీతో మొదలైందీ కాదు, అందులో తప్పంతా టీవీదీ కాదు. గురజాడ కన్యాశుల్కంలోనే సారా దుకాణం ఉంది, అక్కడ వేదాంతం చెప్పే బైరాగి ఉన్నాడు. తాగినవాడి నోట లోకం గుట్టు బయటపెట్టించడం నాటకకారుడికి పాత ఉపాయం. మెలకువగా ఉన్నవాళ్లు దాచే మాటల్ని తాగినవాడు అనేస్తాడు. నవ్వు అతని మీద పుడుతుంది, దెబ్బ మాత్రం పెద్దమనుషుల మీద పడుతుంది. ఆ కోవలో వచ్చిన తాగుబోతు పాత్రలు గొప్పగా ఉంటాయి. నేనూ వాటిని చూసి నవ్వినవాడినే.

సినిమాల్లో ఈ పాత్రకు ఒక ఒరవడి పెట్టింది ఎమ్మెస్ నారాయణ. 1997లో ఇ.వి.వి. సత్యనారాయణ తీసిన మా నాన్నకు పెళ్లి సినిమాలో తాగుబోతు వేషమే ఆయనకు పేరు తెచ్చింది. అంతకుముందు ఆయన తెలుగు లెక్చరర్. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ మింగాలో తెలిసిన మనిషి. 2015 జనవరిలో ఆయన పోయారు. ఆ తర్వాత కూడా ఆయన తాగిన సీన్లు టీవీల్లో తిరుగుతూనే ఉన్నాయి. ఇంకొకరు రమేష్. గోదావరిఖని నుంచి వచ్చిన నటుడు. 2011 నాటి అలా మొదలైంది సినిమాలో మత్తులో మాట్లాడే వేషం ఎంత అతికిందంటే, జనం ఆయన పేరు ముందు తాగుబోతు అని చేర్చేశారు. టైటిల్స్‌లో, ఇంటర్వ్యూల్లో ఆ పేరే నిలబడిపోయింది. జబర్దస్త్‌లో టీమ్ లీడర్‌గా వచ్చినా అదే పేరు. వేషం విప్పినా పేరు విప్పుకోలేని స్థితి అది. ఊళ్లో మందు మానేసిన మనిషిదీ ఇదే స్థితి, కాకపోతే అతనికి పారితోషికం ఉండదు.

జబర్దస్త్ 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో మొదలైంది. అప్పట్లో గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేది. భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చునే వేళ. ఆ ప్రోగ్రామ్‌తో తెలుగు ఇళ్లలో స్కిట్ అనే మాట స్థిరపడింది. స్కిట్ అంటే పది, పన్నెండు నిమిషాల ఆట. అందులో పాత్రను పరిచయం చేయడానికి టైముండదు. తెర మీదికి రాగానే ఎవరో తెలియాలి. పోలీసు, దొంగ, గయ్యాళి భార్య, పిసినారి మామ, తాగుబోతు. లుంగీ, తువ్వాలు, సీసా చాలు. నడక ఒక్కటి చూపిస్తే పాత్ర సిద్ధం. రాసేవాడికి ఇంత చవగ్గా దొరికే పాత్ర ఇంకొకటి లేదు.

ఇక్కడే అసలు చిక్కుంది. స్కిట్‌కు మారే మనిషి పనికిరాడు. పాత్ర మారితే వచ్చేవారానికి సరుకు పోతుంది. వారం వారం వచ్చే హాస్యానికి ఇది పాత నియమమే. 2001 నుంచి 2007 వరకు జెమినీలో వచ్చిన అమృతం గుర్తుందా? అమృతరావు, ఆంజనేయులు ప్రతి ఆదివారం ఒక ఎత్తు వేస్తారు, చిత్తవుతారు, మళ్లీ మొదటికే వస్తారు. వాళ్లు తెలివి తెచ్చుకుంటే సీరియల్ అయిపోతుంది. ఆ నియమం వ్యాపారానికో, అద్దెకొంపకో సరిపోతుంది. తాగుడుకు పెట్టినప్పుడు మాత్రం, ఈ మనిషి ఎప్పటికీ మారడు అనే మాట చెప్పకుండానే చెప్పినట్టవుతుంది. స్కిట్‌లో ఎవడైనా మందు మానేశాను అన్నాడంటే, చివరి పంచ్‌లో సీసా బయటికి వస్తుందని చూసేవాడికి ముందే తెలుసు. మానేయడమే అక్కడ జోకుకు ఎత్తుగడ.

ఇంకో విషయం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. స్కిట్‌లో తాగుబోతుకు ఎదురుగా ఉండే భార్య చాలా ఏళ్లపాటు చీర కట్టిన మగవాడే. చేతిలో చీపురు ఉంటుంది. మొగుణ్ణి ఆమే నాలుగు బాదుతుంది. ఇద్దరూ మగవాళ్లే కాబట్టి ఎవరు ఎవర్ని కొట్టినా అది దెబ్బలా కనిపించదు, ఆటలా కనిపిస్తుంది. ఇళ్లలో దెబ్బ ఇంకో దిక్కుగా నడుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో, తరచూ తాగి వచ్చే భర్తలున్న స్త్రీలలో సుమారు 70 శాతం మంది భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింస చూశారు. తాగని భర్తలున్నవాళ్లలో అది నాలుగో వంతుకన్నా తక్కువ. అదే సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43.3 శాతం, ఆడవాళ్లలో 6.7 శాతం మద్యం తాగుతారు. ఈ లెక్కను ఇంటింటికీ పంచి చూస్తే, ఆ స్కిట్ చూసి నవ్వే గదుల్లో నవ్వకుండా కూర్చున్నవాళ్లు ఎందరుంటారో ఊహించవచ్చు.

యాస సంగతీ చెప్పాలి. తెర మీద తాగినవాడు, రౌడీ, పనివాడు తెలంగాణ యాసలో మాట్లాడటం చాలాకాలం నడిచింది. ఇబ్రహీంపట్నంలో టీచరు, సర్పంచి, కాలేజీ పిల్ల మాట్లాడే మాటే అక్కడ మత్తులో ముద్దగా వచ్చే మాట అయింది. తెలంగాణ ఉద్యమ కాలంలో ఈ ఫిర్యాదు గట్టిగా వినిపించింది. ఫిదా, డీజే టిల్లు, బలగం లాంటి సినిమాలొచ్చాక ఆ పరిస్థితి బాగానే మారింది. కాబట్టి తెర అలవాట్లు మారవని అనుకోనక్కర్లేదు.

ఇప్పుడే ఈ చర్చ ఎందుకంటే, చూసే పద్ధతి మారింది. సినిమాలో ఎమ్మెస్ నారాయణ పాత్రకు ముందూ వెనకా ఒక కథ ఉండేది. జెమినీ కామెడీ లాంటి ఛానళ్లు ఆ సీనొక్కటే కోసి వేశాయి. యూట్యూబ్ ఆ ముక్కల్ని గుచ్చి గంటసేపటి దండ చేసింది. రీల్స్ వచ్చి దాన్ని అర నిమిషం చేశాయి. ప్రతి కోతలోనూ పోయేది ఒకటే, తెల్లవారిన తర్వాతి సంగతి. ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ రోడ్డు పొడవునా ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. హాస్టల్ గదుల్లో పిల్లలు చూసేది ఈ ముక్కల్నే. మద్యం ప్రకటనలను కేబుల్ టీవీ నిబంధనలు ఒప్పుకోవు. సోడా పేరుతో, మ్యూజిక్ సీడీల పేరుతో కంపెనీలు తిప్పలు పడేది అందుకే. కామెడీ సీనుకు మాత్రం మూలన ఒక హెచ్చరిక వాక్యం ఉంటే చాలు. ఆ వాక్యాన్ని చదివిన పాపాన ఎవరూ పోరు.

ఈ జోకుల పర్యవసానాలకు వస్తే, మొదటిది ఎర్రగడ్డ. హైదరాబాదులోని మానసిక చికిత్సాలయం అక్కడుంది. మద్యం, మత్తు మాన్పించే విభాగం కూడా అందులో ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా జబ్బు కిందే లెక్కించింది. చట్టం అలా అంటుంటే, మన కామెడీలో ఎర్రగడ్డ అనే ఊరి పేరే ఒక తిట్టు. వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలె అంటే చప్పట్లు పడతాయి. ఇబ్రహీంపట్నం నుంచి అక్కడికి రెండు బస్సులు మారి పోవచ్చు. బస్సెక్కడం తేలిక. ఎక్కడికి పోతున్నావని పక్కింటావిడ అడిగితే చెప్పడమే కష్టం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి, 2019లో వెలువరించిన సర్వేలో, మద్యానికి పూర్తిగా లోబడిపోయినవాళ్లలో ప్రతి 38 మందికి ఒక్కరే ఏదో ఒక చికిత్స పొందారు. ఆస్పత్రిలో చేరినవాళ్లు 180 మందికి ఒక్కరు. డబ్బు, దూరం, సిగ్గు, అన్నీ ఆ అంకెలో కలిసే ఉన్నాయి. అందులో సిగ్గు వాటా ఎంతో విడదీసి చెప్పలేం గానీ, ఆ సిగ్గును పెంచి పోషించినవాటిలో మన జోకులూ ఉన్నాయి.

రెండోది, మానడం అంటే ఒక్క క్షణపు నిర్ణయం అనే నమ్మకం. తెర మీద కూతురు ఏడిస్తే తండ్రి సీసా పగలగొడతాడు. సంగీతం మారుతుంది. అంతే, మానేసినట్టే. 2018లో తరుణ్ భాస్కర్ తీసిన ఈ నగరానికి ఏమైంది నాకు ఇష్టమైన కామెడీ. అందులో వివేక్ తాగుడు వెనక ఉన్న దిగులును ఓపిగ్గా చూపించారు. అయినా అతను తేరుకునేది స్నేహితులతో షార్ట్ ఫిల్మ్ తీసే ఊపులోనే. ఒళ్లు ఎలా కోలుకుందో ఆ సినిమా పట్టించుకోలేదు. ఇళ్లలో ఈ నమ్మకం ప్రమాదకరంగా మారుతుంది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేస్తారు. మూడో రోజు అతను గోడ మీద పురుగులు పాకుతున్నాయంటే నాటకాలు అనుకుంటారు. లేదంటే, తెలియకుండా తాగుడు మాన్పిస్తామనే గోడ రాతలు చూసి ఫోన్ చేస్తారు. అలా అన్నంలో కలిపి పెట్టే పొడుల్లో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ (మద్యం తాగితే వాంతులు, గుండెదడ పుట్టించే మందు) అయితే, అది తిన్న సంగతి తెలియక తాగిన మనిషి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్లు ఆ మందును రోగికి చెప్పి, ఒప్పించి మాత్రమే ఇస్తారు.

కల్లు సంగతి ఇంకా చిత్రం. తెర మీద కల్లు అంటే పచ్చదనం, తాటిచెట్టు, పండుగ. కల్లు తాగి పాట పాడే తాత మంచివాడు. చెట్టు కల్లు విషయంలో అది కొంత నిజమే కావచ్చు. కల్లు కాంపౌండ్‌లో (కల్లు అమ్మే చోట) దొరికేది చాలాచోట్ల వేరే సరుకు. కల్లు చాలనిచోట నీళ్లు, చక్కెర కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం, డైజెపాం లాంటివి వేసిన కేసులు తెలంగాణలో ఎన్నో బయటపడ్డాయి. ఇవన్నీ నిద్ర మందులు. మద్యం తొక్కే ఆ బ్రేకునే ఇవీ తొక్కుతాయి. తాగేవాడు తనకు కల్లు అలవాటైందనుకుంటాడు. అతనికి నిజంగా అలవాటైంది నిద్రమాత్ర. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ మీద విరుచుకుపడి సరుకు ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఆస్పత్రులు నిండిపోయాయి. ఫిట్స్, పిచ్చి చూపులు, పొంతన లేని మాటలు. కల్లు మానితే ఇలా అవుతుందా అని జనం ఆశ్చర్యపోయారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కల్లు మీద ఎన్ని స్కిట్లు వచ్చాయో లెక్కలేదు. ఈ నిద్రమాత్ర మీద వచ్చిన స్కిట్ ఒక్కటీ నా కంటబడలేదు.

మరి వ్యసనం నుంచి కోలుకోవడం మీద హాస్యం సాధ్యమే కాదా? అమెరికాలో కూడా మొదట మనలాగే ఉంది. 1960లలో ది ఆండీ గ్రిఫిత్ షోలో ఓటిస్ అనే తాగుబోతు తనంతట తానే వచ్చి పోలీస్ స్టేషన్ గదిలో పడుకునేవాడు. ఊరంతా ముద్దు చేసేది. 1982లో మొదలైన చీర్స్‌లో బారు యజమానే మందు మానేసిన మనిషి. ఒకసారి మళ్లీ తాగుడులో పడి లేస్తాడు కూడా. ఇక 2013 నుంచి 2021 వరకు నడిచిన మామ్ సీరియల్ మొత్తం కోలుకోవడం మీదే సాగింది. క్రిస్టీ, ఆమె తల్లి బానీ, ఇద్దరూ తాగుడు మానినవాళ్లు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు పేర్లు బయటపెట్టకుండా కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం, 1935లో ఒహాయోలో పుట్టింది, మన దగ్గరా ఉంది) సమావేశాలు అందులో దాదాపు ప్రతి భాగంలో వస్తాయి. కుర్చీలు, కాఫీ, ఒకరి వెంట ఒకరు చెప్పుకునే పరువు తక్కువ కథలు. నవ్వంతా అక్కడే పుడుతుంది. బానీ నొప్పి మాత్రలకు అలవాటుపడి మళ్లీ జారుతుంది. ఒక చిన్న వయసు అమ్మాయి మోతాదు మించి చనిపోతుంది. ఆ భాగం కూడా కామెడీ సీరియల్‌లోదే.

మామ్‌కు ఇది ఎలా సాధ్యపడింది? దాని రచయితలకు 170 భాగాల నిడివి ఉంది. కోలుకోవడం నెమ్మదిగా, వంకరటింకరగా సాగుతుంది. రిలాప్స్ (మానేశాక మళ్లీ మొదలవడం) చాలామందికి వస్తుంది. షుగర్ ఉన్నవాడికి మళ్లీ షుగర్ పెరిగినట్టే అది, ఓడిపోయినట్టు కాదు. పన్నెండు నిమిషాల స్కిట్‌లో రిలాప్స్ పంచ్ అవుతుంది. ఎనిమిదేళ్ల సీరియల్‌లో అది కథ అవుతుంది.

మనకు అమెరికా కుర్చీల సమావేశమే కావాలని లేదు. అలాంటి పని చేసే ఏర్పాటు మన ఊళ్లో ఏటా చలికాలం కనిపిస్తుంది. అయ్యప్ప మాల. ఇబ్రహీంపట్నంలో కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కనిపిస్తాయి. నిన్నటిదాకా సిట్టింగులో మొదటి కుర్చీ వేసుకున్నవాడు 41 రోజులు ముట్టడు. కేవలం భక్తి వల్లే అనుకుంటే సగమే చూసినట్టు. మాల వేసుకోగానే పేరు మారుతుంది, పెళ్లాం పిల్లలతో సహా అందరూ స్వామీ అనే పిలుస్తారు. బట్ట మారుతుంది. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన, పక్కన ఇంకో పదిమంది స్వాములు. తాగే వేళకు చేయడానికి వేరే పని ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఆ 41 రోజులూ ఒక్కరు కూడా అతన్ని తాగమని బలవంతపెట్టరు. కోలుకోవడానికి ఏం కావాలో ఊరికి తెలియకుండానే తెలుసు. మాల తీసిన రోజు ఆ ఏర్పాటంతా ఒక్కసారే లేచిపోతుంది. శబరిమల నుంచి తిరిగొచ్చిన దావత్ మీద స్కిట్లు రాశారు గానీ, మధ్యలోని ఆ 41 రోజుల మీద ఎవరూ రాయలేదు. బాగా ముదిరిన తాగుడున్నవాళ్లు మాల వేసుకునే ముందు డాక్టరును అడగడం అవసరం. మొదటి వారం వణుకు భక్తితో ఆగదు.

కథలకు ఇంత శక్తి ఉంటుందా అని అడిగేవాళ్ల కోసం ఒక పాత సంగతి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణం మూయించడానికి కదిలారు. వాళ్లకు ఊపిరిచ్చిన వాటిలో అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ ఒకటి. అక్కడి నుంచి ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ కథ దుకాణం గురించి రాసింది. దుకాణం మూశాక మంచం మీద వణికే మనిషి గురించి రాయాల్సిన కథ మిగిలిపోయింది.

రాసేవాళ్లకు సరుకు లేదనడానికి లేదు. ఆరు నెలలుగా మందు ముట్టని మనిషి బామ్మర్ది పెళ్లి దావత్‌కు పోతాడు. సాగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాలు, వెనకాల షెడ్డులో టేబుళ్లు. గ్లాసులో ఒట్టి సోడా పోసుకుని మూలకు నిలబడతాడు. ఏం బావా, ఒక్కటేస్కో ఏం గాదు అని ఒకడు. నీకేమన్నా జబ్బా అని ఇంకొకడు. మాల కూడా లేదు గదనే అని మూడోవాడు. డాక్టరు వద్దన్నాడంటే డాక్టరు తాగడా అంటారు. లివరంటే మా నాయన ఎనభై ఏళ్లు తాగిండు అంటారు. వద్దు అనే రెండక్షరాల మాటకు ఆ షెడ్డులో ఎవరికీ అర్థం తెలియదు. తూలే నలుగురి మధ్య తూలని ఆ ఒక్కడు, గ్లాసును పైకెత్తి, అందరికీ వాసన చూపించుకుంటూ తిరుగుతున్నాడు.